మోటారు మంచిదే, మరి కరెంటు ఎందుకు తగ్గలేదు?

చర్చా విభాగం: విద్యుత్తు, బోర్లు, ఇళ్లు (తిరుపతి, చిత్తూరు జిల్లాలు)

యూనిట్ల_లెక్క

పాత 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ తీసేసి స్టార్ గుర్తున్న 5 హెచ్‌పీ దించితే కరెంటు మూడో వంతు మిగులుతుందని కరపత్రాల్లో ఉంటుంది. కాగితం మీద ఆ లెక్క తప్పేం కాదు. పొలంలోనే తేలదు. ఎక్కడ పోతుందో అంకెలతో చూద్దాం.

పలమనేరు, పుంగనూరు వైపు రాతి నేలల్లోని బోరుకు సరిపోయే అంకెలు తీసుకుంటున్నా. మొత్తం హెడ్ 120 మీటర్లు, అంటే నీటిమట్టం నుంచి తొట్టి దాకా ఎత్తు, పైపులో రాపిడి కలిపి. పాత మోటారుకు రెండు మూడు సార్లు వైండింగ్ అయింది, ఇంపెల్లర్లు (నీళ్లను పైకి నెట్టే చక్రాలు) అరిగాయి. అది లైన్లోంచి 5 కిలోవాట్లు లాగి అందులో 30 శాతమే నీళ్లకు అందిస్తుంది. అప్పుడు సెకనుకు 1.27 లీటర్లు, గంటకు సుమారు 4,580. పగలు 9 గంటల సరఫరాకు 41 వేల లీటర్లు, 45 యూనిట్లు.

కొత్తది 4.6 కిలోవాట్లు లాగి 45 శాతం అందిస్తుందనుకోండి. గంటకు 6,330 లీటర్లు. ఆ 41 వేల లీటర్లే కావాలంటే ఆరున్నర గంటలు చాలు, 30 యూనిట్లతో పని అయిపోతుంది. మిగులు 15. కరపత్రం ఇక్కడ ఆగుతుంది.

పొలంలో ఆరున్నర గంటలకు మోటారు ఎవరు ఆపుతారు? ఆటో స్టార్టర్ ఉంది, కరెంటు వస్తే అదే ఎత్తుకుంటుంది, పోతే అదే ఆగుతుంది. 2004 నుంచి ఉచిత కరెంటు, కాబట్టి ఆపితే రైతు జేబులో మిగిలేదేమీ లేదు. 9 గంటలూ తిరుగుతుంది. 57 వేల లీటర్లు, 41.4 యూనిట్లు. మిగిలింది 3.6.

15 రావాల్సిన చోట 3.6 వచ్చింది. పొదుపులో నాలుగింట మూడు వంతులు నీళ్లుగా మారి పొలంలోకి పోయింది. రీబౌండ్ అనేది దీన్నే. పొదుపంతా పోయి వాడకం మొదటికన్నా పెరిగిపోతే జెవన్స్ వైరుధ్యం అంటారు. మన దగ్గర ఏది ఎక్కడ జరుగుతోందో చూసినవాళ్లు చెప్పండి. సొంత కథలు వద్దు, అంకెలు రాయండి.

పుంగనూరు_టమోటా

నీళ్లు ఎక్కువొస్తే నష్టమేముంది సార్? రైతుకు కావాల్సింది తడి. యూనిట్లు ఆదా చేయాలని ఎవరూ బోరు వేయరు. 16 వేల లీటర్లు అదనంగా వస్తే దాదాపు ముక్కాలెకరా టమోటా పండుతుంది. దాన్ని నష్టం ఖాతాలో రాస్తే ఎట్లా?

యూనిట్ల_లెక్క

నష్టం అనలేదు. కరెంటు తగ్గుతుందన్న మాట నిలబడదన్నా, అంతే. పంట వస్తే మంచిదే. కానీ ఆ 16 వేలు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా చూడాలి. మన కింద ఉన్నది గ్రానైటు, నైస్ అనే గట్టి రాళ్లు. నీళ్లు పగుళ్లలోనే ఉంటాయి, ఇసుక నేలల్లోలాగా నిల్వ ఉండదు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న ఎనిమిది బోర్లూ ఇట్లాగే ఎక్కువ తోడితే మట్టం దిగుతుంది. హెడ్ 120 నుంచి 150 మీటర్లకు పోయిందనుకోండి. 5 హెచ్‌పీ నీళ్లు సన్నబడతాయి. వెంటనే స్టేజీలు (ఇంపెల్లర్ల వరుసలు) పెంచి 7.5 హెచ్‌పీ దించుతారు. అది 6.8 కిలోవాట్లు లాగుతుంది. 9 గంటలకు 61 యూనిట్లు.

45 యూనిట్ల దగ్గర మొదలుపెట్టాం. మధ్యలో ఎక్కడా నాసిరకం మోటారు వేయలేదు. అయినా 61కి చేరాం.

బోరు_మెకానిక్_బంగారుపాళెం

లెక్కలో ఒక రంధ్రం ఉంది సార్. బోరు ఊట ఎంతో అడగకుండా మోటారు ఎంత తోడుతుందో చెప్తున్నారు. మన వైపు చాలా బోర్లు గంటకు 4, 5 వేల లీటర్లకు మించి ఇవ్వవు. ఊట 4,500 ఉన్న బోర్లో 6,330 లాగే పంపు దించితే గంటన్నరలో మట్టం ఇంపెల్లర్ దాకా దిగి గాలి లాగుతుంది. డ్రై రన్ ప్రివెంటర్ ఉంటే ట్రిప్పయి ఆగిపోతుంది, మళ్లీ నీళ్లు ఊరాక ఎత్తుకుంటుంది. అప్పుడు మోటారు తిరిగేది రోజుకు ఆరున్నర గంటలే. మీ 15 యూనిట్ల పొదుపు దాదాపు మొత్తం వస్తుంది.

ప్రివెంటర్ లేకపోతే? సబ్‌మెర్సిబుల్‌కు చల్లదనం నీళ్లే. థ్రస్ట్ బేరింగ్ మొదట పోతుంది, తర్వాత వైండింగ్. మోటారు పైకి తీయడానికి క్రేను, మళ్లీ దించడానికి క్రేను. కొత్త మోటారు కాలిపోవడానికి లోపం కంపెనీది అనుకుంటారు గానీ, ఎక్కువసార్లు అది ఊటకు మించిన పంపు.

యూనిట్ల_లెక్క

ఒప్పుకుంటున్నా, అది నేను వదిలేసిన మాటే. ఊట తక్కువున్న చోట బోరే పగ్గం వేస్తుంది. ఊట బాగున్న చోట గంటలే పగ్గం. ఈ రెండు రకాల బోర్లనూ ఒకే సగటులో కలిపి 'ఇంత పొదుపు' అని చెప్పకూడదు.

చరిత్ర_విద్యార్థి

ఈ గొడవ 1865 నాటిది. విలియం స్టాన్లీ జెవన్స్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త బొగ్గు మీద పుస్తకం రాస్తూ ఎత్తి చూపాడు. వాట్ ఆవిరి యంత్రం న్యూకమెన్ యంత్రం కంటే చాలా తక్కువ బొగ్గుతో నడిచింది. దాంతో బొగ్గు మిగల్లేదు, యంత్రం పెట్టగలిగే చోట్లు పెరిగాయి.

ఆయన ఇచ్చిన వాటిల్లో గట్టి ఉదాహరణ స్కాట్లండ్ ఇనుము. 1828లో నీల్సన్ వేడి గాలి కొలిమి పద్ధతి తెచ్చాక టన్ను ఇనుముకు పట్టే బొగ్గు మూడో వంతు కంటే తక్కువకు పడింది. 1830 నుంచి 1863 మధ్య అక్కడ ఆ పనికి వాడిన బొగ్గు మాత్రం పది రెట్లయింది. ఇనుము ముప్పై రెట్లు పెరిగితే గానీ ఈ లెక్క కుదరదు.

వైర్‌మ్యాన్_తిరుపతి

స్కాట్లండ్‌లో రైళ్లు, ఓడలు, ఫ్యాక్టరీలు అన్నీ అప్పుడే వచ్చాయి కదా. ఇనుముకు గిరాకీ ఎలాగూ పెరిగేది. దాన్ని మొత్తం కొలిమి మెడకు చుట్టడం న్యాయమా?

చరిత్ర_విద్యార్థి

న్యాయమైన అభ్యంతరమే. జెవన్స్ వాదంలో బలహీనత అక్కడే ఉంది. ఇనుము చౌకైంది కాబట్టి రైళ్లొచ్చాయా, రైళ్లొచ్చాయి కాబట్టి ఇనుము కావాల్సొచ్చిందా? రెండూ కలిసి నడిచాయి, విడదీయడం కష్టం. అందుకే ఇప్పటివాళ్లు దేశం మొత్తం లెక్క పక్కన పెట్టి, ఒక్కో వస్తువుకు విడిగా కొలుస్తారు. 2007లో బ్రిటన్‌లోని ఇంధన పరిశోధన కేంద్రం యూకేఈఆర్‌సీ పాత అధ్యయనాలన్నీ సమీక్షించింది. సంపన్న దేశాల ఇళ్లలో నేరుగా కనిపించే రీబౌండ్ సాధారణంగా 30 శాతం లోపే ఉంటుందని తేల్చింది. అంటే అక్కడ పొదుపులో ఎక్కువ భాగం నిజంగానే మిగులుతోంది. కానీ వాళ్ల ఇళ్లు ముందే వెచ్చగా ఉన్నాయి, గదుల్లో వెలుతురు ముందే చాలినంత ఉంది. తీరని అవసరం ఉన్న చోటికి ఆ 30 శాతం తెచ్చి అతికించకూడదు.

వైర్‌మ్యాన్_తిరుపతి

సరే, ఇళ్ల సంగతి రాస్తా.

బల్బు: 60 వాట్ల గుండు బల్బు తీసి 9 వాట్ల ఎల్ఈడీ పెడితే వెలుతురు తగ్గదు, కొంచెం ఎక్కువే. చౌకగా ఎల్ఈడీలు ఇచ్చే కేంద్రం ఉజాలా పథకం 2015 జనవరిలో మొదలయ్యాక ఇది ఊరూరా జరిగింది. పాత వాడకానికి చేరాలంటే ఎల్ఈడీని ఆరున్నర రెట్లు ఎక్కువ గంటలు వెలిగించాలి. వంటింట్లో, వరండాలో అది కుదిరే పని కాదు. ఇక్కడ పొదుపు నిజం.

అదే ఎల్ఈడీ హాల్లోకి వచ్చేసరికి కథ మారుతుంది. పాత హాల్లో చోక్‌తో కలిపి 50 వాట్ల ట్యూబ్‌లైటు ఒకటి. ఇప్పుడు ఫాల్స్ సీలింగ్. చుట్టూ 14 మీటర్ల స్ట్రిప్, మీటరుకు 12 వాట్లు, అంటే 168. మధ్యలో 12 వాట్ల డౌన్‌లైట్లు 8, అంటే 96. మొత్తం 264 వాట్లు, డ్రైవర్లలో (ఎల్ఈడీకి తగ్గట్టు కరెంటు మార్చి ఇచ్చే డబ్బాల్లో) పోయేది కాకుండా. రోజుకు 5 గంటలకు పాత హాలు పావు యూనిట్, కొత్త హాలు 1.3 యూనిట్లు. ఐదు రెట్లు. చౌకగా, వేడెక్కకుండా, సన్నటి పట్టీ రూపంలో దొరుకుతుంది కాబట్టే దాన్ని సీలింగ్ అంచుల్లో దాచగలిగారు. ట్యూబ్‌లైట్లతో ఎవరూ ఆ పని చేయరు.

సీలింగ్ పని చేయించేవాళ్లకు ఒక చిన్న మాట: స్ట్రిప్, డౌన్‌లైట్లు ఒకే స్విచ్‌కు కలపొద్దు. మూడు స్విచ్‌లుగా విడగొట్టండి. పది మీటర్ల వైరు ఎక్కువవుతుంది. రోజూ వెలిగేది 50 వాట్ల దగ్గరే ఆగుతుంది, మిగతావి చుట్టాలొచ్చినప్పుడు.

ఫ్యాన్: మామూలుది 75 వాట్లు, బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారుది) 30 లోపు. ఎండాకాలం ఫ్యాన్ ఎటూ ఆగదు, కాబట్టి పెరగడానికి గంటలే లేవు. 15 గంటలకు 1.1 యూనిట్ల నుంచి 0.45కి వస్తుంది, ఆ మిగులు మిగులే. పాత రెగ్యులేటర్ మాత్రం తీసేసి వైరు నేరుగా ఇవ్వాలి. రెగ్యులేటర్ ఉంచితే లోపలి బోర్డు పోతుంది.

ఫ్రిజ్: ఇదీ 24 గంటల వస్తువే, రీబౌండ్‌కు చోటు లేదు. ఒక్క షరతు. పాతది ఇంట్లోంచి బయటికి పోవాలి. మేడ మీద దోసె పిండికీ నీళ్ల సీసాలకూ పెట్టుకుంటే కొత్త ఫ్రిజ్ ఆదా చేసిందంతా ఆ పిండికే సరి.

చరిత్ర_విద్యార్థి

ఫ్రిజ్ మాటకు మెక్సికో కొలత ఒకటి జోడిస్తా. అక్కడ ప్రభుత్వం పాత ఫ్రిజ్‌లు, ఏసీలు వెనక్కి తీసుకుని కొత్త వాటికి రాయితీ ఇచ్చింది. డేవిస్, ఫుక్స్, గర్ట్లర్ అనే ముగ్గురు కరెంటు బిల్లులు తీసుకుని లెక్కగట్టి 2014లో ప్రచురించారు. ఫ్రిజ్ మార్చిన ఇళ్లలో వాడకం 8 శాతం తగ్గింది, అది ముందుగా అంచనా వేసినదాంట్లో నాలుగో వంతు. ఏసీ మార్చిన ఇళ్లలో వాడకం పెరిగింది.

యూనిట్ల_లెక్క

ఏసీ దగ్గరికి వచ్చారు కాబట్టి తిరుపతి మే నెల లెక్క పెడతా.

పాత ఒకటిన్నర టన్ను విండో ఏసీ కంప్రెసర్ తిరిగేటప్పుడు 1.8 కిలోవాట్లు లాగుతుంది. భయపడి రాత్రి 3 గంటలు వేసి, గది చల్లబడ్డాక ఆపి ఫ్యాన్ వేసేవాళ్లు. కంప్రెసర్ ఆగి తిరిగేది పోను రోజుకు 4.6 యూనిట్లు, నెలకు 138.

కొత్త ఇన్వర్టర్ 5 స్టార్. అవే 3 గంటలు వేస్తే మొదట గది చల్లబరచడానికి ఎక్కువ లాగుతుంది కనుక 3.3 యూనిట్లు, నెలకు 99. మిగులు 39. కానీ '5 స్టార్ కదా' అని తెల్లవార్లూ 9 గంటలు వేస్తారు. చల్లబడ్డాక బాగా తగ్గుతుంది కనుక రాత్రి మొత్తానికి సగటు 0.6 కిలోవాట్ల లెక్కన 5.4 యూనిట్లు. మధ్యాహ్నం ఎండకు ఇంకో 3 గంటలు, 2.7. రోజుకు 8.1, నెలకు 243. పాతదానికన్నా 105 ఎక్కువ.

ఇక్కడ శ్లాబు దెబ్బ కూడా ఉంది. 2022-23 టారిఫ్ ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75. మిగతా ఇంటికి 150 యూనిట్లు అనుకుంటే పాత ఏసీతో 288 యూనిట్లు, కరెంటు చార్జీ సుమారు 1,568 రూపాయలు. కొత్తదానితో 393 యూనిట్లు, 2,487 రూపాయలు. స్థిర చార్జీలు, సర్దుబాటు చార్జీలు వేరే. పెరిగిన 105 యూనిట్లూ 8.75 మెట్టు మీదే పడ్డాయి.

మేనేజర్_తిరుచానూరు_రోడ్డు

దీనికి ఏసీనే తిట్టాలా సార్? తెల్లవార్లూ నిద్ర పట్టింది కదా. పాతదాన్నే ఆ 12 గంటలు వేసుంటే ఎంతయ్యేది?

యూనిట్ల_లెక్క

సుమారు 17 యూనిట్లు, నెలకు 500 పైన. నిజమే, అందించిన చల్లదనంతో పోలిస్తే కొత్తది సగానికన్నా తక్కువే తింది. తిట్టడానికి రాయలేదు. 'ఏసీ మారిస్తే బిల్లు తగ్గుతుంది' అని అమ్మేవాడు చెప్పే మాటకు జవాబు రాశా. తగ్గాలంటే మూడు పనులు: 24 కాకుండా 26 దగ్గర పెట్టి ఫ్యాన్ వేయడం (డిగ్రీకి సుమారు 6 శాతం మిగులుతుందని స్టార్ గుర్తులిచ్చే కేంద్ర సంస్థ బీఈఈ చెబుతుంది), తెల్లవారుజామున 4 గంటలకు టైమర్, పశ్చిమం వైపు గోడకూ స్లాబుకూ ఎండ తగలకుండా ఏదైనా కప్పు. 2020 నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 చూపిస్తాయి. చేత్తో 18కి దించేవాళ్లకు ఆ నిబంధన అడ్డు రాదు.

మేనేజర్_తిరుచానూరు_రోడ్డు

సరే, నా వైపు నుంచి వేడినీళ్లు. తిరుపతి లాడ్జిలకు ఏసీ కన్నా ముందు పెద్ద ఖర్చు ఇదే. యాత్రికులు తెల్లవారుజామునే స్నానం చేసి కొండకు బయల్దేరతారు.

40 గదులు, గదికి 80 లీటర్లు, 28 డిగ్రీల నీళ్లు 50కి తేవాలి. 3,200 లీటర్లకు 82 యూనిట్ల వేడి. గదిగదికీ గీజర్ ఉంటే కనీసం ఆ 82 యూనిట్ల కరెంటూ కాలుతుంది. పైకప్పు మీద హీట్ పంపు పెడితే అది గాలిలోని వేడిని లాగి నీళ్లకు ఎక్కిస్తుంది కనుక ఒక యూనిట్‌ కరెంటుకు 3.2 యూనిట్ల వేడి ఇస్తుంది, అంటే 26 యూనిట్లు చాలు. మిగులు 56. అమ్మేవాళ్లు చూపించే లెక్క ఇదే, యజమాని సంతకం పెట్టేదీ దీన్ని చూసే.

తర్వాత ఏమవుతుందంటే, '24 గంటల వేడినీళ్లు' అని బోర్డు పెడతారు. కుళాయి తిప్పగానే వేడి రావాలంటే పైపుల్లో నీళ్లు ఎప్పుడూ తిరుగుతూ ఉండాలి. పోయే లైను, తిరిగొచ్చే లైను కలిపి 120 మీటర్ల అంగుళం పైపు, తొడుగు లేదు. 55 డిగ్రీల నీళ్లున్న మీటరు పైపు సుమారు 28 వాట్ల వేడి గాలికి వదులుతుంది. మొత్తం 3.4 కిలోవాట్లు, పగలూ రాత్రీ. రోజుకు 81 యూనిట్ల వేడి! స్నానాలకు పట్టేంత వేడి ఊరికే గోడలకు పోతోంది. కరెంటు లెక్కలో ఇంకో 25 యూనిట్లు. పైగా గీజర్ చిన్నదిగా ఉన్నప్పుడు బకెట్టుతో సరిపెట్టుకున్నవాళ్లు షవర్ కింద నిలబడతారు, 80 లీటర్లు 110 అవుతుంది, అంటే స్నానాలకు 26 బదులు 35 యూనిట్లు. సర్క్యులేషన్ పంపు 100 వాట్లు, రోజుకు 2.4.

మొత్తం 63. మిగలాల్సిన 56లో మిగిలింది 19.

వైర్‌మ్యాన్_తిరుపతి

దీనికి మందు తేలిక. పైపుకు 25 మిల్లీమీటర్ల నైట్రైల్ తొడుగు వేస్తే మీటరుకు 7 వాట్ల దగ్గరికొస్తుంది. ఎండ తగిలే మేడ మీద అల్యూమినియం రేకు చుట్టాలి, లేకపోతే రెండేళ్లలో పొడిపొడి అవుతుంది. తొడుగు ఎల్బోల దగ్గర, వాల్వుల దగ్గర వదిలేస్తారు, అక్కడే ఎక్కువ పోతుంది. సర్క్యులేషన్ పంపుకు టైమర్ పెట్టి తెల్లవారుజామున 3 నుంచి 9 దాకా, సాయంత్రం రెండు గంటలు తిప్పండి. తిరిగొచ్చే లైను మీద థర్మోస్టాట్ పెడితే ఇంకా మేలు. 45 దిగితే పంపు ఎత్తుకుంటుంది, లేకపోతే ఆగి ఉంటుంది.

ట్యాంకు వేడి మాత్రం మరీ తగ్గించొద్దు, గోరువెచ్చగా నిలవున్న నీళ్లలో బాక్టీరియా పెరుగుతుంది. పొదుపు పైపు దగ్గర చేయండి.

చంద్రగిరి_మామిడి

డ్రిప్ గురించి ఎవరూ రాయలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో సూక్ష్మ సేద్యం పథకం మొదలైనప్పటి నుంచి మన జిల్లాలో డ్రిప్ బాగా పాకింది. అక్కడా ఇదే తంతు.

మామిడి 10 మీటర్ల ఎడంలో ఎకరాకు 40 చెట్లు. పాదులు కట్టి పారిస్తే చెట్టుకు 200 లీటర్లు, ఎకరాకు 8 వేలు. డ్రిప్‌లో చెట్టుకు 8 లీటర్ల డ్రిప్పర్లు నాలుగు, 3 గంటలు, అంటే 96 లీటర్లు. ఎకరాకు 3,840. సగానికన్నా తక్కువ.

బోరు రోజుకు 41 వేలు ఇస్తుందనుకుంటే 5 ఎకరాల తోతాపురికి పాదుల్లో మొత్తం సరిపోయేది. డ్రిప్‌లో 19 వేలతో తోట అయిపోతుంది. మిగిలిన 22 వేలు? ఎకరా మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే 4,047 లీటర్లు. టమోటాకు రోజుకు 5 మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరాకు 20 వేలు. సరిగ్గా ఎకరా టమోటా. మోటారు అవే 9 గంటలు, అవే యూనిట్లు.

అంతేకాదు. పాదుల్లో పారించినప్పుడు చెట్టు తాగింది పోను కొంత కిందికి ఇంకి మళ్లీ బోర్లకే చేరేది. ఇప్పుడు టమోటా ఆకులోంచి ఆవిరైపోతుంది, వెనక్కి రాదు. పైకి తోడింది అంతే ఉన్నా, నేలకు నికరంగా పోయింది పెరిగింది. అమెరికాలో కాన్సస్ రైతులు నీళ్లు వృథా కాని నాజిళ్లకు మారాక భూగర్భజలం తోడటం తగ్గకపోగా పెరిగిందని 2014లో ఫైఫర్, లిన్ చూపించారు. ఎక్కువ నీళ్లు తాగే పంటలకు మారారు.

పుంగనూరు_టమోటా

అంటే డ్రిప్ తీసేయమంటారా అన్నా?

చంద్రగిరి_మామిడి

లేదప్పా. ఎకరాకు రాబడి పెరిగింది, కలుపు తగ్గింది, ఎరువు వేరు దగ్గరికే పోతోంది. డ్రిప్ ఉండాల్సిందే. దాంతో కరెంటు, భూగర్భజలం వాటంతటవే మిగుల్తాయని మాత్రం అనుకోవద్దు. అవి మిగలాలంటే విడిగా హద్దు పెట్టుకోవాలి.

అట్లా పెట్టుకున్న అనుభవం మన జిల్లాలోనే ఉంది. ఏపీఫామ్స్ అనే రైతు భూగర్భజల పథకం ఏడు కరువు జిల్లాల్లో నడిచింది, అప్పటి ఉమ్మడి చిత్తూరు ఒకటి. రైతులే వానమాపకం చూసి, బోర్లలో మట్టం కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని 'ఈ ఏడు ఇంత ఊరింది, ఇంతే వాడుకోవచ్చు' అని పంట నీటి బడ్జెట్ వేసేవాళ్లు. మోటారు మార్చమని ఎవరూ చెప్పలేదు. వరి తగ్గించి ఆరుతడి వైపు పోయారు.

సోలార్_చిత్తూరు

సోలార్ పంపుకు ఇదే ప్రశ్న ఇంకా గట్టిగా వేయాలి. లైనుతో సంబంధం లేని సోలార్ పంపుకు 9 గంటల హద్దు కూడా లేదు, ఎండ ఉన్నంతసేపూ తిరుగుతుంది. గుజరాత్ ఖేడా జిల్లా ధుండిలో రైతులు సహకార సంఘంగా చేరి, పంపుకు వాడగా మిగిలిన సోలార్ కరెంటును లైనుకు అమ్ముతున్నారు. అమ్ముకోగలిగితే ప్రతి యూనిట్‌కూ ధర ఉంటుంది, ఊరికే తోడితే ఆ మేరకు నష్టమని రైతుకు తెలుస్తుంది. ఇంటి కప్పు మీద సోలార్ కూడా అంతే. నెట్ మీటరింగ్ (మిగిలిన కరెంటు లైనుకు ఇచ్చి బిల్లులో తగ్గించుకోవడం) ఉన్నప్పుడు ఏసీ కరెంటు 'ఉచితం' కాదు, లైనుకు పోవాల్సింది మీరు తింటున్నారు.

యూనిట్ల_లెక్క

బోర్ల దగ్గరికి తిరిగొస్తా, చేయదగ్గ పని ఒకటుంది. పంపు మార్చేటప్పుడు హెచ్‌పీ దించండి. పై ఉదాహరణలో పాత 41 వేల లీటర్లకు కొత్త పంపుకు లైన్లోంచి 3.3 కిలోవాట్లు చాలు. అది 4 హెచ్‌పీ మోటారు చేసే పని. 9 గంటలూ తిరగనివ్వండి, 30 యూనిట్లే. టైమర్ అక్కర్లేదు, రోజూ పోయి ఆపక్కర్లేదు. పొదుపు మోటారు సైజులోనే కట్టేసి ఉంటుంది. 5 బదులు 5 వేస్తే గంటల్లోంచి కారిపోయేది ఇదే.

ముందు పాతది ఎంత తోడుతోందో కొలవాలి. 200 లీటర్ల డ్రమ్ము డెలివరీ పైపు కింద పెట్టండి. మోటారు వేసిన అరగంట తర్వాత, మట్టం నిలకడయ్యాక, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మూడుసార్లు చూసి సగటు తీయండి. 157 సెకన్లు పడితే గంటకు 4,580. వేసిన వెంటనే కొలిస్తే బోర్లో నిలవున్న నీళ్లే కొలిచినట్టు, అంకె దొంగ అంకె అవుతుంది. ఆ తర్వాత హెడ్ లెక్కగట్టి, పంపు పట్టికలో ఆ రెంటికీ సరిపోయే మోడల్ చూడండి. పట్టికలో మధ్య భాగంలో పడాలి. చివరల్లో పడితే స్టార్ గుర్తున్నా ఆ సామర్థ్యం రాదు.

బోరు_మెకానిక్_బంగారుపాళెం

రైతు హెచ్‌పీ దించడానికి ఒప్పుకోడు సార్, దానికి కారణం మొండితనం కాదు. లైను చివర ఓల్టేజీ 350కి పడితే చిన్న మోటారు ఎత్తలేదేమోనని భయం. ఎనిమిది ఆటో స్టార్టర్లు ఒకేసారి ఎత్తుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఓల్టేజీ పడేది నిజమే. దానికి ఆటోలో ఆలస్యం ఒక్కొక్కరికి ఒక్కోలా పెట్టుకోవాలి. ఒకరికి 30 సెకన్లు, ఇంకొకరికి 60, 90. కెపాసిటర్ కూడా పెట్టించండి, లైన్లో ఆంపియర్లు తగ్గి ఓల్టేజీ కాస్త నిలబడుతుంది. ఇవి రెండూ చేశాక 4 హెచ్‌పీకి ఇబ్బంది ఉండదు. కేబుల్ మాత్రం పాత 5 హెచ్‌పీదే ఉంచండి, లావుగా ఉంటే మంచిదే.

పుంగనూరు_టమోటా

4 హెచ్‌పీ వేస్తే స్టార్టర్ కూడా మార్చాలా అన్నా?

బోరు_మెకానిక్_బంగారుపాళెం

మార్చక్కర్లేదు, కానీ ఓవర్‌లోడ్ రిలే మరలు తిప్పాలి. 5 హెచ్‌పీకి పెట్టిన చోటే వదిలేస్తే చిన్న మోటారుకు ఎక్కువ లోడ్ పడినా ట్రిప్పవదు, కాలిపోతుంది. కొత్త మోటారు ప్లేటు మీద రాసిన ఆంపియర్లకే పెట్టండి. రిలే పరిధి అంత కిందికి రాకపోతే రిలే ఒక్కటి మార్చండి. డ్రై రన్ ప్రివెంటర్‌నూ కొత్త మోటారు లోడ్ మీద మళ్లీ సెట్ చేయాలి, పాత సెట్టింగ్‌తో ఊరికే ఆపేస్తుంటుంది. ఒక ఫేజు పోతే ఆపే ప్రివెంటర్ లేకపోతే అదీ అప్పుడే పెట్టించుకోండి, క్రేను ఖర్చుతో పోలిస్తే చిల్లర.